తాపీ

బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కుని
ఢిల్లేశు పైకి చదివాడు: తా-పా-స్.
"తాపీ అన్నమాట" అన్నాడు కూర్మారావు.
ముప్పై ఏళ్లుగా తాపీ పట్టిన చెయ్యి,
ఏ దేశపు మాటలోనైనా
ముందు దాన్నే తడుముకుంటుంది.

ఇంతకుముందు ఈ హోటల్లోకి
వెనక తలుపునుంచే వచ్చాం,
ఆగస్టు రాత్రులు, భుజాన సిమెంటు బస్తాలతో.
నీలం పువ్వుల టైల్సు. నాలుగు కలిస్తే ఒక పువ్వు.
మూడు వేల రెండొందలు,
లెక్క కూర్మారావుకి ఇప్పటికీ నోటికొచ్చు.
ఇవాళ అద్దాల తలుపు దానంతటదే జరిగింది.
చెప్పులు ఎక్కడ విడవాలో
ఒక్క క్షణం తోచలేదు.

ఢిల్లేశుకి లైసెన్సు వచ్చింది, నాలుగో ప్రయత్నానికి.
విందు వాడిది.
ఆదివారంనుంచి వాడు కూరగాయల వ్యాను తోలతాడు,
మా గుంపులో ఉండడు.
ఆ మాట ఎవరం ఎత్తలేదు.

కిటికీ పక్కన, దోహా దీపాలు కనపడే చోట
కూర్చోమంది మేరీసెల్.
కూర్మారావు ఒప్పుకోలేదు.
స్తంభం వెనక, వంటింటి పొగ తగిలే మూలకి
తిన్నగా నడిచి వెళ్లి కూర్చున్నాడు.

ఇరవై రెండుతో గుణించొద్దని
ముందే ఒట్టు పెట్టించాను.
అయినా బంగాళాదుంప వేపుడు దగ్గర
అతని పెదవులు కదిలాయి.
"ఏడొందల నాలుగు" అన్నాడు
ఆవలింత నటిస్తూ.

చల్లటి టమాటా చారు వచ్చింది.
వేడి చేసి తెమ్మందామా అని ఢిల్లేశు.
"చద్ది తాగి పెరిగినోడివి, తాగు" అని కూర్మారావు.
జగ్గు నిండా ద్రాక్షరసం, అందులో పళ్లముక్కలు.
మందు లేదు.
పెళ్లి పానకం అనుకుని తాగేశాం.

"మేసా" అంటుంది మేరీసెల్, బల్లని.
మేజాయే కదా అన్నాను.
ఆమెకి తెలుగు రాదు, మాకు ఆమె భాష రాదు,
మధ్యలో ఒక బల్ల మాత్రం ఇద్దరిదీ.
ఏం పని చేస్తారు అనడిగితే
ఢిల్లేశు కూర్మారావు వైపు చూపించి
"మేస్త్రీ" అన్నాడు.
ఆమె కళ్లు పెద్దవి చేసింది. "మాయెస్త్రో?"
వాళ్ల ఊళ్లో ఆ మాటకి బడిపంతులని అర్థమట.
కాదని చెప్పబోయి
ఎందుకో ఊరుకున్నాడు కూర్మారావు.
చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

అప్పుడొచ్చింది అన్నం,
సిమెంటు కలిపే తట్టంత ఇనప పళ్లెంలో.
రంగు చూసి పులిహోరనుకున్నాం, పులుపు లేదు.
రొయ్యలున్నాయి,
మా బారువ రొయ్యల్లో సగం ఉంటాయి.
తిన్నాం, మాట్లాడకుండా.
చివరికి ఢిల్లేశు చెంచాకి గట్టిగా తగిలింది.
"మాడబెట్టారు అన్నా, పిలుస్తానుండు."

పిలిస్తే మేరీసెల్ నవ్వింది.
ఆ మాడు కోసమే వంటవాడు పొయ్యి దగ్గర
కదలకుండా నిలబడతాడట.
గోకి తినడం తెలీక చాలామంది
వదిలేసి పోతారట.

తెలీకపోవడమా!
మాడుచెక్క కోసం ఐదుగురం
జుట్లు పట్టుకున్న ఇల్లు మాది.

కూర్మారావు చెంచా తిరగేశాడు.
మొన మీద కాదు, అంచు మీద బలం.
పళ్లేనికి దాదాపు సమంగా వాల్చి
ఊపిరి బిగబట్టి
కొంచెం కొంచెంగా లోపలికి తోశాడు.
అరచెయ్యంత చెక్క
ఎక్కడా విరక్కుండా లేచింది,
ఎర్రగా, నూనె మెరుస్తూ.
దాన్ని ఢిల్లేశు పళ్లెంలో పెట్టాడు.
"తొందరపడితే విరుగుద్ది" అన్నాడు.
అంతే అన్నాడు.

ఢిల్లేశు బిల్లు కట్టడానికి లేచాడు.
నేను బల్ల కిందికి వంగాను, పడిపోయిన రుమాలు కోసం.
కూర్మారావు ఎడమ పాదం కింద
సగం కనపడుతోంది ఒక టైలు.
తిరగబడింది. మూడు రేకులు ఒకవైపు,
నాలుగోది గోడవైపు చూస్తూ.
ఆ రాత్రి అది ఎవరు వేశారో
మా ముగ్గురికీ తెలుసు.

అతను పాదం తియ్యలేదు.
మేరీసెల్ బల్ల తుడిచి వెళ్లేదాకా,
ఢిల్లేశు చిల్లర లెక్కపెట్టుకుంటూ వచ్చి
"పోదామా" అని రెండుసార్లు అడిగేదాకా.